ఊరి రేవు, ఓడ రేవు



మన తెలుగుల రేవు అనే మాట ఒక్కటే. చెరువుకు రేవు ఉంటది, వాగుకు రేవు ఉంటది, సముద్రానికీ రేవు ఉంటది. పై రేవు దొరలది, కింది రేవు మాలమాదిగలది అని ఊరి నీళ్ళను ముక్కలు చేసిన దేశం ఇది. వాళ్ళు కడుక్కున్న నీళ్ళు మనం తాగాలె. 1927 మార్చిలో బాబాసాహెబ్ అంబేడ్కర్ మహాడ్‌లో చవదార్ చెరువు కాడికి నడిచింది ఈ రేవు కోసమే. 1985 జులైలో కారంచేడులో మాదిగోళ్ళు తాగే చెరువు దగ్గర భూస్వాముల పిల్లలు బర్రె కుడితి బకెట్ కడిగిండ్రు. ఇదేందని అడిగినందుకు ఆరుగురిని చంపిండ్రు. రేవు దగ్గర ఎవడు నిలబడాలె, ఎవడు దూరం జరగాలె అన్నదాన్ని నీళ్ళ పంచాయితీ అనుకున్నోడు అమాయకుడు. అది పెత్తనం పంచాయితీ.

ఊరి రేవు సంగతి మనకు ఒంటి మీద వాతలుగా తెలుసు. మరి ఓడ రేవు? పోచంపాడు కట్ట మీద నిలబడి ఎంత దూరం చూసినా సముద్రం కనబడదు. బొంబాయి రేవు మనకు ఆరేడు వందల కిలోమీటర్లు. బందరు రేవు ఐదొందల పైన. అందుకే వాడల్ల ఎవరన్నా ఓడరేవు మాట ఎత్తితే "అది షావుకార్ల ముచ్చట, మనకెందుకు" అంటరు. మనలో చదువుకున్నోళ్ళు కొందరు కూడా అంతే. అంటరానితనం మీద గంట మాట్లాడుతరు, కంటైనర్ మాట రాంగనే లేచి పోతరు. ఆ లేచి పోవుడే షావుకార్లకు కావాలె.

ఇప్పుడు ఈ ముచ్చట ఎందుకంటే, సముద్రం మన జిల్లాకు నడిచి వస్తున్నది. 2023 అక్టోబర్ 1న పాలమూరు సభల ప్రధానమంత్రి పసుపు బోర్డు ప్రకటించిండు. 2025 జనవరి 14న సంక్రాంతి నాడు బోర్డు మొదలైంది. అదే ఏడు జూన్ 29న కేంద్ర హోం మంత్రి నిజామాబాద్ వచ్చి బోర్డు ప్రధాన కార్యాలయం తెరిచిపోయిండు. 2030 నాటికి పసుపు ఎగుమతులు వంద కోట్ల డాలర్లు చేస్తమన్నరు. ఇటు హైదరాబాద్‌లో రాష్ట్ర సర్కారు బందరు రేవుకు కొత్త రహదారి కావాలె, రైలు కావాలె, మన దగ్గర డ్రైపోర్టు కావాలె అంటున్నది. డ్రైపోర్టు అంటే నీళ్ళు లేని రేవు. సరుకును ఇక్కడనే కస్టమ్స్ వాళ్ళు చూసి, పెట్టెకు సీలు వేస్తరు. సీలు పడ్డ పెట్టె లారీ మీదనో రైలు మీదనో పోయి నేరుగా ఓడ ఎక్కుతది. హైదరాబాద్ సనత్‌నగర్‌ల కంటైనర్ కార్పొరేషన్ ఇట్లాంటి డిపో ఎప్పుడో పెట్టింది. కొత్త సంగతి ఏం గాదు. ఇప్పుడు అది పెద్దగ, వందల ఎకరాల మీద రావాలంటున్నరు.

రావద్దని మనం అనం. మనం అడిగేది ఒకటే: ఈ రేవుల మా రేవు ఏది?

ముందుగాల మన పసుపు తొవ్వ చూడుండ్రి. మృగశిర కార్తెకు పెట్టిన పసుపు తొమ్మిది నెలలు భూమిల ఉంటది. ఆకు కోసేది ఎవరు? తవ్వినంక గడ్డలు ఏరేది ఎవరు? కాడి, గోల వేరు చేసేది ఎవరు? ఉడకబెట్టే కాడ ఆవిర్ల నిలబడేది, కళ్ళంల పదిహేను రోజులు ఎండబోసి తిరగేసేది, పాలిష్ డ్రమ్ము కాడ దుమ్ము మింగేది ఎవరు? ఆర్మూరు, బాల్కొండ, మోర్తాడు, వేల్పూరు తిరిగి చూడుండ్రి. మాల మాదిగ ఆడోళ్ళు, ఇంక కింది కులాల ఆడోళ్ళు. పెద్దింటి ఆడోళ్ళు పండుగకు పాదాలకు పసుపు రాసుకుంటరు. మన ఆడోళ్ళకు మాఘమాసం నుంచి అరచేతులు పసుపే, ఎంత సబ్బు పెట్టినా పోదు. అది మాత్రం ఎవనికీ మంగళకరం గాదు.

అక్కడి నుంచి మార్కెట్ యార్డుకు. యార్డుల అడ్తిదారు, ఖరీదుదారు. మన పసుపు చానా ఏండ్లు సాంగ్లీ పోయి, సాంగ్లీ పేరు మీద అమ్ముడుపోయింది. అక్కడి నుంచి ముంబై పక్కన నవాషేవా రేవు. రేవు దాటితే బంగ్లాదేశ్, దుబాయి, మలేషియా, అమెరికా. ప్రపంచంల పండే పసుపుల డెబ్బై శాతం మన దేశానిదే అని సర్కారే చెప్తది. 2023-24ల ఒక లక్షా 62 వేల టన్నుల పసుపు, పసుపు సరుకులు ఓడలెక్కినయి. వాటి విలువ 22 కోట్ల 65 లక్షల డాలర్లు. ఆ డాలర్ల గడ్డ ఏరిన చేతికి ఎంత వచ్చింది అని లెక్క కట్టినోడు ఎవడన్నా ఉన్నడా? రైతు లెక్క ఉన్నది, వ్యాపారి లెక్క ఉన్నది, ఎగుమతి లెక్క ఉన్నది. కూలి లెక్క లేదు.

2019 పార్లమెంటు ఎన్నికలల్ల పసుపు రైతులు, ఎర్రజొన్న రైతులు ఏం చేసిండ్రో యాదికి తెచ్చుకోండి. 178 మంది రైతులు నామినేషన్ వేసి బరిల నిలబడ్డరు. మొత్తం 185 మంది అభ్యర్థులు, ఓటింగు మిషన్లు బల్లల మీద వరుసగా పేర్చవలసి వచ్చింది. బోర్డు కావాలె, క్వింటాలుకు 15 వేల ధర కావాలె అన్నరు. మంచి పోరాటం. దేశమంత చూసింది. ఆ పోరాటాన్ని మనం తక్కువ చేయం. పసుపు పెట్టే రైతుల చిన్నోళ్ళు ఉన్నరు, కౌలుకు పట్టినోళ్ళు ఉన్నరు, అప్పుల మునిగినోళ్ళు ఉన్నరు. కానీ ఆ 15 వేలల్ల తవ్వే మనిషికి ఇంత అని ఒక్క కరపత్రంల అయినా రాసిండ్రా? 2023 అక్టోబర్‌ల బోర్డు గురించి కేంద్రం చెప్పిన వివరం చూడుండ్రి. ఆయుష్ వాళ్ళు ఉన్నరు, మందుల శాఖ వాళ్ళు ఉన్నరు, వ్యవసాయం, వాణిజ్యం వాళ్ళు ఉన్నరు. మూడు రాష్ట్రాల అధికారులు వంతుల వారీగ ఉన్నరు. పరిశోధన సంస్థలు ఉన్నయి. రైతుల ప్రతినిధులు, ఎగుమతిదారుల ప్రతినిధులు ఉన్నరు. పొలంల ఉన్న మనిషికి, ఓడ మీద ఉన్న మనిషికి కుర్చీ దొరికింది. ఈ ఇద్దరి నడుమ సరుకును మోసుకపోయే మనిషి మాత్రం ఆ లిస్టుల లేడు.

ఇది కొత్త గాదు. రేవు మీద పెద్దోళ్ళకు ఎప్పుడూ ఆశే. నిజాం రాజ్యానికి సముద్రం లేదు. ఉత్తర సర్కార్లు ఇంగ్లీషోళ్ళ చేతికి పోయినంక తీరం పోయింది. 1802ల కంపెనీతోటి వ్యాపార ఒప్పందం రాసుకొని బందరు రేవు వాడుకునే హక్కు తెచ్చుకున్నడు నిజాం. కాగితం మీద ఉన్నది ఆ హక్కు. 1947-48ల గద్దె కదులుతున్నప్పుడు ఆఖరు నిజాం గోవాల ఉన్న మార్ముగోవా రేవు కోసం పోర్చుగీసోళ్ళతో బేరాలాడిండు. సముద్రం లేని రాజు గొంతు ఎంత తొందరగ పట్టుకోవచ్చో ఆయనకు తెలుసు. మరి ఆ రాజ్యంల వెట్టి చేసే మాదిగ గొంతు ఎవని చేతుల ఉండె? దాని గురించి ఏ ఒప్పందమూ లేదు.

గోదారి సంగతి కూడా చెప్పుకోవాలె. ఈ నది మీద పడవలు నడిపి బేరార్ పత్తిని సముద్రం దాకా దించాలని కాటన్ దొర పట్టుబట్టిండు. దుమ్ముగూడెం దగ్గర రాతి కట్టలు, కాలువలు కట్టిండ్రు. అమెరికాల బానిసత్వం మీద యుద్ధం జరుగుతుంటే లాంకషైర్ మిల్లులకు పత్తి కరువైంది. అందుకే మన గోదారి మీద అంత ప్రేమ. అక్కడ యుద్ధం ముగిసింది, 1867కు నాగపూర్‌కు రైలు వచ్చింది. 1871ల ఆ పనులు ఆపేసిండ్రు. నల్ల బానిసలు తెంపే పత్తి ఆగితే మన నది యాదికొస్తది, అది మళ్ళ దొరికితే మరుస్తరు. వ్యాపారం తొవ్వ ఎవరి కోసం వేస్తరో దీంట్ల ఉన్నది.

నదుల మీద వేరే తీరుగ ఆలోచించినోడు అంబేడ్కర్. ఆయన రాజ్యాంగం రాసిండని అందరికీ తెలుసు. 1942 నుంచి 46 దాకా వైస్రాయి కౌన్సిల్‌ల కార్మిక సభ్యునిగ ఉన్నప్పుడు నీళ్ళ శాఖ చూసిండని ఎంతమందికి తెలుసు? 1945ల జలమార్గాల, సేద్యపు, నౌకాయాన కమిషన్ వచ్చింది ఆయన చేతి మీదుగనే. అదే ఏడు కటక్‌ల ఒడిశా నదుల మీద మాట్లాడుకుంట, వరదను ఆపుడొక్కటే చాలదు, పారకం, కరెంటు, పడవల రాకపోకలు అన్నీ ఒక్క కట్ట మీద కలిపి చూడాలె అన్నడు. నౌకాయానం మన ముచ్చట గాదనేటోళ్ళు ముందు ఆయనకు జవాబు చెప్పాలె.

ఇంక శాస్త్రం ఏమన్నది? సముద్రం దాటితే కులం పోతదన్నది. బౌధాయన ధర్మసూత్రం పతనం చేసే పాపాలు లెక్కబెట్టుకుంట మొట్టమొదలు రాసింది సముద్ర ప్రయాణమే. మనువు సముద్రం పోయినోన్ని శ్రాద్ధం పంక్తిల కూసోబెట్టొద్దన్నడు. మంచిది. మరి ఓడలు ఎవరు ఎక్కిండ్రు? కులం పోతదనే భయం లేనోళ్ళు, పోవడానికి కులం అనే ఆస్తి లేనోళ్ళు. 1843ల కోరింగ ప్యాకెట్ అనే ఓడ మన తెలుగోళ్ళను మారిషస్ చెరకు తోటలకు మోసింది. 1860 నవంబర్‌ల ట్రూరో అనే ఓడ మద్రాసు నుంచి పోయి డర్బన్ రేవుల దిగింది. దాంట్ల తెలుగు కూలోళ్ళు ఉన్నరు. కోరంగి, కాకినాడ, విశాఖ, భీమిలి, కళింగపట్నం రేవుల నుంచి వేలు లక్షలు రంగూన్ పోయిండ్రు. ఉత్తరాంధ్ర పల్లెల్ల దాన్ని రంగం పోవుడు అంటరు. బర్మాల తెలుగోళ్ళ పేరే కోరంగి అయిపోయింది. రేవు పేరు మనిషికి పెట్టిండ్రు, మనిషి పేరు రిజిస్టర్‌ల కూడా సక్కగ రాయలే.

రంగూన్ రేవు కథ సంఘాల పనిచేసే ప్రతి ఒక్కరూ తెలుసుకోవాలె. ఆ రేవుల బస్తా మోసేది తెలుగోడు. నడుమ మేస్త్రీ. అప్పు ఇచ్చి తెచ్చేది మేస్త్రీ, కూలిల కోత పెట్టేది మేస్త్రీ. 1930 మే నెలల కూలి పెంచుమని తెలుగు కూలోళ్ళు సమ్మె కట్టిండ్రు. ఓడ కంపెనీల కాంట్రాక్టర్లు బర్మా కూలోళ్ళను తెచ్చి పని చేయించిండ్రు. తర్వాత తెలుగోళ్ళతో రాజీ కుదిరింది. మే 26 పొద్దుగాల బర్మా వాళ్ళు పనికి వస్తే, మీరు అక్కర లేదు పోండి అన్నరు. కడుపు మండినోళ్ళు ఇద్దరు. కొట్టుకున్నోళ్ళు ఆ ఇద్దరే. వందకు పైగా మనుషులు చచ్చిపోయిండ్రు, ఎక్కువమంది మనోళ్ళే. కాంట్రాక్టరుకు ఒక్క గీత పడలే. ఇయ్యాల నిజామాబాద్ యార్డుల స్థానిక హమాలీకి, బీహారు నుంచి వచ్చిన హమాలీకి నడుమ పుల్ల పెట్టేటోడు ఉన్నడు. వాని తాత రంగూన్‌ల ఉన్నడు.

బొంబాయి ముచ్చట మన ఇంటి ముచ్చటే. నిజాం రాజ్యం నుంచి పోయిన తెలుగు పనోళ్ళను కామాటీలు అన్నరు, వాళ్ళున్న చోటు కామాటిపుర అయింది. ఇయ్యాల ఆ పేరు వినంగనే నవ్వేటోళ్ళకు తెలువదు, ఆ పేరు వెనక ఉన్నది తట్ట మోసి నగరం కట్టిన మన ముత్తాతలని. మన జిల్లా మీంచి మన్మాడ్ దాకా నిజాం రైలు వేసినంక సరుకులు, మనుషులు ఒకే తొవ్వన పోయినరు. మనది మీటర్ గేజి, బొంబాయిది బ్రాడ్ గేజి. మన్మాడ్‌ల ఒక డబ్బా నుంచి తీసి ఇంకో డబ్బాల వేయాలె. గేజి మారిన ప్రతి చోట హమాలీ వీపే వంతెన.

ఇంత కథ చెప్పి, రేవు అంటే మనకు చాకిరే అంటున్ననా? లేదు. నడుమ ఒక కాలం వచ్చింది. ఆ కాలం సంగతి జెర నిమ్మళంగ చూడాలె.

1948ల డాక్ కార్మికుల చట్టం వచ్చింది. అప్పుడు కేంద్ర కార్మిక మంత్రి బాబూ జగ్జీవన్ రాం. అంతకు ముందు రేవుల పని అంటే పొద్దున గేటు కాడ మంద లెక్క నిలబడాలె, ముఠా మేస్త్రీ వేలు చూపించినోడు లోపలికి, మిగిలినోడు ఆకలితోటి ఇంటికి. చట్టం వచ్చినంక కార్మికుని పేరు రిజిస్టర్‌కు ఎక్కింది. డాక్ లేబర్ బోర్డులు పడ్డయి. ఓడ రాని దినం కూడా హాజరుకు ఇంత అని కట్టివ్వాలె. మేస్త్రీ వేలు విరిగింది అక్కడ. ఇంకో దిక్కు విశాఖ లాంటి పెద్ద రేవులు సర్కారు రేవులు. 1933ల తెరిచిన ఆ రేవు పోర్టు ట్రస్టు అయింది. ట్రస్టు అంటే సర్కారు కొలువు, సర్కారు కొలువు అంటే ఎస్సీలకు వందకు పదిహేను, ఎస్టీలకు ఏడున్నర. కళాసీ కొడుకు క్లర్కు అయిండు, క్లర్కు బిడ్డ ఇంజనీరు అయింది. క్వార్టర్ దొరికింది, బడి దొరికింది, ఆస్పత్రి దొరికింది. అది స్వర్గమేం గాదు. అక్కడ కూడా కులం ఉంది, లంచం ఉంది. కానీ తలుపు తెరిచి ఉండె.

ఇప్పుడు ఆ తలుపు ఎట్ల మూస్తున్నరో చూడుండ్రి. మూయడానికి మన రిజర్వేషన్ తీసేస్తమని ఎవరూ అనరు. అంత తెలివి తక్కువోళ్ళు గాదు. రేవునే సర్కారు చేతిల నుంచి తీసేస్తే సరిపోతది. 2008ల నెల్లూరు జిల్లాల కృష్ణపట్నం ప్రైవేటు రేవు, 2009ల విశాఖ పక్కన గంగవరం ప్రైవేటు రేవు తెరిచిండ్రు. 2020, 21ల ఆ రెండూ అదానీ కంపెనీ చేతికి పోయినయి. గంగవరంల రాష్ట్ర సర్కారుకు ఉన్న 10.4 శాతం వాటా కూడా 2021ల సుమారు 645 కోట్లకు అమ్మేసిండ్రు. సర్కారు రేవుల్ల కూడా 2021ల పాత ట్రస్టుల చట్టం తీసి కొత్త చట్టం పెట్టిండ్రు. రేవు భూస్వామి లెక్క కూసుంటది, బెర్తులు ప్రైవేటోళ్ళకు కౌలుకిస్తది. ఒడ్డు సర్కారుదే, నీళ్ళు సర్కారువే, పక్కన రైలు సర్కారుదే, రోడ్డు సర్కారుదే. కొలువు ఒక్కటే ప్రైవేటు. ఎంత సక్కటి ఏర్పాటు!

దీనికి తోడు పెట్టె వచ్చింది. 1956ల అమెరికాల మొదటిసారి 58 ఇనుప పెట్టెలు ఓడ మీద పేర్చి పంపిండ్రు. అప్పట్ల చేతితోటి సరుకు ఎక్కిస్తే టన్నుకు దగ్గర దగ్గర ఆరు డాలర్లు పడేది, పెట్టెతోటి ఆరోవంతు డాలరు కూడా పడలే. ఆ మిగిలిన డబ్బు ఎవరి కూలి? రేవుల బస్తా మోసినోనిది. నడుం విరిగే పని పోతే మంచిదే. నూరు కిలోల చక్కెర బస్తా మెడ మీద ఎత్తుకున్నోన్ని అడగండి, మిషన్ వద్దంటడా? 1967లనే అంతర్జాతీయ కార్మిక సంస్థ మగమనిషి మోసే బరువు 55 కిలోలు దాటొద్దని సిఫారసు చేసింది. మన మార్కెట్ యార్డుకు ఆ వార్త ఇంకా చేరలే. మనం అడిగేది, మిషన్ ఎక్కి స్టీరింగు పట్టేది ఎవడు అని. బస్తా మోసినన్ని దినాలు మన కులం పనికొచ్చింది. క్రేన్ రాంగనే మెరిట్ యాదికొచ్చింది.

చక్కెర మాట వచ్చింది గనుక బోధన్ సంగతి. 1937ల మొదలైన నిజాం షుగర్స్, శక్కర్‌నగర్. వేల ఎకరాల చెరకు ఫారాలు. చెరకు నరికేటోళ్ళు, బండ్లు తోలేటోళ్ళు, ఫ్యాక్టరీల బాయిలర్ కాడ కాలేటోళ్ళు. అక్కడ కూడా సర్కారు ఫ్యాక్టరీ గనుక మన పోరగాండ్లకు కొలువులు దొరికినయి. 1994 మార్చిల కేంద్రం చక్కెర దిగుమతికి గేట్లు ఎత్తింది. ఎవడైనా తెచ్చుకోవచ్చు, సుంకం లేదు. ఢిల్లీల దాని మీద కుంభకోణం లేచి, ఆ ఏడు ఆఖరుకు ఆహార మంత్రి కుర్చీ పోయింది. బోధన్ మూతపడ్డది దిగుమతి చక్కెరతోటే అని నేననను. దానికి వేరే దొంగలు చానామంది ఉన్నరు. కానీ బొంబాయి రేవుల దిగే చక్కెర ధర బోధన్ చెరకు కూలి కంచంల పడుతదని తెలుసుకోవాలె. 2002ల సగానికి పైన వాటా ప్రైవేటుకు ఇచ్చిండ్రు. 2015 డిసెంబర్‌ల తాళం పడ్డది. తెరుస్తమని అప్పటి నుంచి ఎన్ని ఎన్నికలల్ల చెప్పిండ్రో లెక్క లేదు. ఆ ఫ్యాక్టరీ కొలువు మీద బతికిన వాడల్ల పోరగాండ్లు ఎక్కడికి పోయినరు? దుబాయి, మస్కట్, సౌదీ. పసుపు పోయే దేశాలకే పసుపు తవ్వేటోని కొడుకు పోతున్నడు. పసుపుకు బోర్డు వచ్చింది, వానికి ఏ బోర్డు వచ్చింది?

అగ్రకుల మేధావులు ఒక మాట అంటరు: "రేవు అన్నది వ్యాపారం, దాంట్ల కులం ఎందుకు తెస్తరు?" మేం తేలేదు బాబూ. మార్కెట్ యార్డుకు పోయి చూడండి. గద్దె మీద కూసున్నోని కులం, మెడ మీద బస్తా ఉన్నోని కులం మేం రాసినమా? ఇంకో మాట: "ప్రైవేటుల రిజర్వేషన్ కుదరదు, చట్టం ఒప్పుకోదు." ప్రైవేటు కాలేజీల సీట్ల కోసం 2005ల రాజ్యాంగాన్నే సవరించిండ్రు గదా. సర్కారు ఒడ్డు మీద కౌలుకు కూసున్న రేవుకు కౌలు కాగితంల ఒక షరతు రాయడానికి రాజ్యాంగం కూడా అడ్డు రాదు, మనసు అడ్డు వస్తది. కాంట్రాక్టుల సంగతి చూద్దాం. పక్కన కర్ణాటకల సర్కారు పనుల కాంట్రాక్టులల్ల ఎస్సీ ఎస్టీలకు వాటా పెడుతూ చట్టం మార్చిండ్రు. మొదట 50 లక్షల లోపు పనులల్ల వందకు 24.1. కేంద్రం కొనుగోళ్ళల్ల 2012 నుంచే ఎస్సీ ఎస్టీ చిన్న పరిశ్రమలకు నాలుగు శాతం ఉన్నది. అక్కడ కుదిరింది డ్రైపోర్టు లారీలకు, గోదాములకు, క్రేన్లకు ఎందుకు కుదరదు?

హమాలీ సంగతికి కూడా చట్టం ఉన్నది. ఆంధ్రప్రదేశ్‌ల 1976లనే ముఠా, జట్టు, హమాలీ కార్మికుల చట్టం చేసిండ్రు. అంతకు ముందు 1969ల మహారాష్ట్రల మాథాడి చట్టం వచ్చింది. అక్కడ మాథాడి బోర్డుల కార్మికుని పేరు ఉంటది, కూలి బోర్డు చేతి మీదుగ వస్తది, ఫండు ఉంటది. మన యార్డుల హమాలీలను అడగండి, 1976 చట్టం కింద బోర్డు చిట్టీ ఎవరి జేబులన్నా ఉన్నదేమో. ఒకే పసుపు బస్తా. సాంగ్లీల దించినోనికి ఫండు, నిజామాబాద్‌ల ఎక్కించినోనికి బీడీ కట్ట.

రేవు కాడ కూలోడు గట్టిగ నిలబడితే ఏమైతదో కూడా చెప్పాలె. 1984ల దక్షిణాఫ్రికాల తెల్ల జాతి పాలన నడుస్తుంటే, ఆ దేశం సరుకు మోసుకొచ్చిన ఓడ అమెరికాల శాన్‌ఫ్రాన్సిస్కో రేవుకు వచ్చింది. అక్కడి డాక్ కార్మికులు, వాళ్ళల్ల చానామంది నల్లోళ్ళు, ఆ సరుకు ముట్టమన్నరు. పదకొండు రోజులు ముట్టలే. 1990ల మండేలా జైలు నుంచి బయటికొచ్చి ఆ ఊరికి పక్కన ఓక్లాండ్ పోయి వాళ్ళ పేరు తీసి దండం పెట్టిండు. మనల్ని ముట్టొద్దన్న దేశం ఇది. సరుకు మేం ముట్టం అనే రోజు వస్తే ఏమైతదో యార్డు గద్దెల మీద కూసున్నోళ్ళు ఆలోచించుకోవాలె.

ఆఖరుకు భూమి. రహదారి అన్నా, డ్రైపోర్టు అన్నా ముందు కన్ను పడేది లావుణి పట్టా భూముల మీద. సర్కారు ఇచ్చింది గదా, సర్కారు తీసుకుంటది అంటరు. పోచంపాడుకు 1963 జులై 26న నెహ్రూ పునాది రాయి వేసినప్పుడు కూడా దేశం కోసం అన్నరు. నీళ్ళు కింది జిల్లాలకు పోయినయి, మునిగినోళ్ళు గుట్టల మీదికి పోయిండ్రు. నవాషేవా రేవు కోసం ఉరణ్ ఊర్ల భూములు గుంజినప్పుడు 1984 జనవరిల రైతులు ఎదురు తిరిగిండ్రు, పోలీసు కాల్పులల్ల ఐదుగురు చచ్చిపోయిండ్రు. ఆ నెత్తురుతోటి పోయిన భూమిల పన్నెండున్నర శాతం అభివృద్ధి చేసిన జాగ తిరిగి ఇయ్యాలన్న పద్ధతి వచ్చింది, అది చేతికి అందడానికి దశాబ్దాలు పట్టింది. మన పసుపు ఎక్కే ఓడ నిలబడేది ఆ భూమి ముందరనే.

కాబట్టి సంఘాల వాళ్ళు ఊర్లల్ల ఈ నాలుగు ముచ్చట్లు చెప్పండి. 1977 చట్టం ప్రకారం లావుణి భూమి కొనుడు, అమ్ముడు చెల్లదు. బ్రోకర్ ముందుగాల వచ్చి అగ్గువకు రాయించుకుంటే ఆ కాగితం చెల్లదు. సర్కారే తీసుకుంటే, పట్టా భూమితో సమానంగా పరిహారం కట్టియ్యాలని 2004ల చేవెళ్ళ కేసుల హైకోర్టు పెద్ద బెంచి చెప్పింది. 2013 భూసేకరణ చట్టం భూమి లేకున్నా మూడేండ్ల నుంచి ఆ భూమి మీద బతికే కూలీలను, కౌలుదార్లను కూడా నష్టపోయిన కుటుంబం అన్నది. 2017ల తెలంగాణ సర్కారు ఆ చట్టాన్ని సవరించి, ఒప్పుకోలు కాగితం మీద భూమి తీసుకునే తొవ్వ పెట్టింది. అందుకే ఎవరు ఏ కాగితం తెచ్చినా చదివించుకోకుండ వేలిముద్ర వేయొద్దు. కూలి పనికి పోయినట్టు జాబ్ కార్డు గానీ, కౌలు చిట్టీ గానీ ఏదున్నా దాచిపెట్టండి. లావుణి పట్టా, పాస్‌బుక్కు, పహాణీ నకళ్ళు మూడు మూడు జిరాక్సులు తీయించి, ఒకటి ఇంట్ల, ఒకటి సంఘం దగ్గర, ఒకటి ఊరి బయట చుట్టాల ఇంట్ల పెట్టండి.